గనిలో ఆయిల్ పడ్డ మట్టి: ఏ టెస్టు చేయించాలి, ఏ దారిలో వదిలించుకోవాలి

ల్యాబ్‌కి శాంపిల్ పంపే ముందే ఆ మట్టి చివరికి ఎక్కడికి పోతుందో ఒక అంచనాకి రండి. చాలా సైట్లలో ఇది తలకిందులుగా జరుగుతుంది. డంపర్ హోస్ పగిలి హైడ్రాలిక్ ఆయిల్ నేలపాలవుతుంది, ఆ మట్టి తవ్వి ఓ మూల కుప్ప పోస్తారు, ఎవరో ఒకరు "టీపీహెచ్ చేయించండి" అంటారు (మట్టిలో మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు ఎంతో చూసే టెస్టు), రిపోర్టు వస్తుంది. ఆ రిపోర్టు పట్టుకుని ల్యాండ్‌ఫిల్ వాళ్ల దగ్గరికి వెళితే లీచింగ్ టెస్టు (మట్టిలోంచి నీటిలోకి ఏం దిగుతుందో చూసేది) ఏది, పీసీబీ (పాత ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌లో ఉండే, క్లోరిన్ ఉన్న విషరసాయనాలు) టెస్టు ఏది అని అడుగుతారు. మళ్లీ శాంపిల్, మళ్లీ ఖర్చు, ఈలోగా వాన పడి కుప్ప కింద ఉన్న మంచి నేల కూడా పాడవుతుంది. సిమెంట్ కొలిమి వాళ్లకి కావాల్సిన అంకెలు వేరు, ల్యాండ్‌ఫిల్ గేటు దగ్గర అడిగేవి వేరు, సైట్‌లోనే సూక్ష్మజీవులతో శుద్ధి చేసుకోవాలంటే చూడాల్సినవి ఇంకా వేరు. అందుకే టెస్టులనీ, వదిలించుకునే దారులనీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలి.

ఎంత పీపీఎం (కిలో మట్టిలో మిల్లీగ్రాములు) దాటితే ప్రమాదకర వ్యర్థం అవుతుంది, శుద్ధి చేశాక ఎంతకి దిగితే చాలు అన్నవి ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి, ఒకే దేశంలో కూడా ఆ నేలని తర్వాత దేనికి వాడతారన్న దాన్ని బట్టి మారతాయి. మీ గని అనుమతి పత్రంలో ఉన్న అంకెలే మీకు చెల్లుతాయి, అవి ముందు బయటికి తీసి టేబుల్ మీద పెట్టుకోండి. ఇక్కడ నేను చెప్పేది ఎలా ఎంచుకోవాలన్నదే.

ముందు తేలాల్సింది: పడింది ఏ ఆయిల్

డీజిల్ అంటే ఉజ్జాయింపుగా సి10 నుంచి సి28 వరకు ఉండే హైడ్రోకార్బన్లు (సి పక్కన అంకె ఒక్కో అణువులో ఎన్ని కార్బన్లో చెబుతుంది). పెట్రోల్ సి4 నుంచి సి12. హైడ్రాలిక్ ఆయిల్, గేర్ ఆయిల్, ఇంజిన్ ఆయిల్ లాంటివి ఎక్కువగా సి20 పైనే ఉండి సి40 దాకా పోతాయి. ఈ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది కానీ మిగతా నిర్ణయాలన్నీ దీని మీదే నిలబడతాయి. తేలికవి గాలిలోకి లేస్తాయి, నీటి వైపు త్వరగా దిగుతాయి, సూక్ష్మజీవులు కూడా వాటిని తేలిగ్గా తింటాయి. బరువైనవి పడ్డ చోటే అంటుకుని ఉంటాయి, కానీ పోవడానికి చాలా కాలం పడుతుంది.

వాడేసిన ఇంజిన్ ఆయిల్‌ని మాత్రం కొత్త ఆయిల్‌తో కలిపి ఆలోచించకండి. అందులో అరుగుదల వల్ల వచ్చిన లోహాలు, అడిటివ్ నుంచి వచ్చే జింక్, ఇంజిన్ వేడికి ఏర్పడే, వలయాకార హైడ్రోకార్బన్లైన పీఏహెచ్‌లు ఉంటాయి. వర్క్‌షాప్ వెనక ఏళ్ల తరబడి నల్లబడ్డ నేల ఎక్కువగా ఈ రకమే. పాత ట్రాన్స్‌ఫార్మర్లు, కెపాసిటర్లు ఉన్న చోటయితే పీసీబీ టెస్టు తప్పనిసరి అనుకోండి. స్టాక్‌హోమ్ ఒప్పందం (ప్రకృతిలో త్వరగా నశించని విషరసాయనాల మీద దేశాలు చేసుకున్నది) కిలోకి 50 మిల్లీగ్రాములు దాటిన పీసీబీ వ్యర్థాన్ని ప్రత్యేకంగా చూడమంటుంది. ఆ గీత దాటితే కింద చెప్పే చవక దారులన్నీ మూసుకుపోతాయి. స్పేర్ పార్టులు కడిగే చోట క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు వాడి ఉంటే దానికి విడిగా టెస్టు కావాలి. రేడియేటర్ కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ టీపీహెచ్ టెస్టులో కనపడనే కనపడదు.

గనులకే ప్రత్యేకమైనది ఇంకొకటి, పేలుడు పదార్థం కలిపే చోటు. ఆన్‌ఫో అంటే బరువులో సుమారు 94 శాతం అమ్మోనియం నైట్రేట్, 6 శాతం ఫ్యూయల్ ఆయిల్. అక్కడి మట్టిలో డీజిల్ వాసన వస్తోందని మామూలు డీజిల్ కుప్పలో కలిపేసి వేడి చేసే ప్లాంటుకి పంపితే ప్రాణం మీదకి వస్తుంది. ఆ మట్టిని వేరుగా ఉంచి నైట్రేట్, అమ్మోనియా టెస్టులు చేయించండి, బ్లాస్టింగ్ బాధ్యత ఉన్నవాళ్ల మాట లేకుండా కదిలించకండి.

కాబట్టి కుప్ప దగ్గరికి వెళ్లే ముందు వర్క్‌షాప్ వాళ్లని, ఫ్యూయల్ బే చూసేవాళ్లని అడగండి. ఏ బండి, ఏ ఆయిల్, ఎప్పుడు, ఎన్ని లీటర్లు. ఆ పది నిమిషాల మాటల వల్ల ల్యాబ్ బిల్లులో సగం తగ్గవచ్చు.

సైట్‌లో చేసుకునే టెస్టులు

వాసన, రంగు చూసి చెప్పడం తవ్వడం మొదలుపెట్టడానికి పనికొస్తుంది, అంతకు మించి నమ్మకండి. పైగా కావాలని వాసన చూడటం ఆరోగ్యానికి మంచిది కాదు. గాజు సీసాలో కాస్త మట్టి, నీళ్లు పోసి గట్టిగా ఊపి పైన మెరిసే పొర తేలుతుందా అని చూడటం ఇంకొంచెం మెరుగు. అయితే గని నీటిలో ఇనుము ఎక్కువ ఉంటే ఇనుము బ్యాక్టీరియా కూడా అచ్చం ఆయిల్‌లా మెరిసే పొర కడుతుంది. పుల్లతో కదిపి చూడండి. ఆ పొర పెంకుల్లా ముక్కలై విడిగానే ఉండిపోతే బ్యాక్టీరియా, మళ్లీ దగ్గరికి చేరి కలిసిపోతే ఆయిల్.

పీఐడీ మీటరు (గాలిలో చేరిన ఆయిల్ ఆవిరిని కొలిచే చేతి పరికరం) పెట్రోల్‌కి చాలా బాగా, డీజిల్‌కి ఓ మాదిరిగా పనిచేస్తుంది. సంచిలో మట్టి వేసి మూతి కట్టి కాసేపాగి పైన చేరిన ఆవిరిని కొలుస్తారు. కానీ ఆవిరి కాని దాన్ని అది చూడలేదు. హైడ్రాలిక్ ఆయిల్ కారిన గుంటలో పీఐడీ దాదాపు సున్నా చూపించిందని "క్లీన్" అని రాసేసి పూడ్చేయడం, నా దృష్టిలో గనుల్లో జరిగే అతి పెద్ద కొలత తప్పు. అలాగే తేమ ఎక్కువుంటే రీడింగు తగ్గి చూపిస్తుంది.

బరువైన ఆయిల్‌కి ద్రావకంతో ఆయిల్‌ని మట్టిలోంచి లాగి మసకతనం కొలిచే కిట్లు, లేదా ఇన్‌ఫ్రారెడ్ మీద నడిచే పోర్టబుల్ మీటర్లు మేలు. అల్ట్రావయొలెట్ వెలుగుతో కొలిచే పరికరాలు కూడా ఉన్నాయి, అవి ఆరోమాటిక్ (బెంజీన్ లాంటి వలయాలున్న) పదార్థాలకి స్పందిస్తాయి. బాగా శుద్ధి చేసిన హైడ్రాలిక్ ఆయిల్‌లో ఆరోమాటిక్స్ తక్కువ కాబట్టి, అదే ఆయిల్ నమూనాతో కాలిబ్రేట్ చేయకపోతే తక్కువ చూపిస్తాయి.

నా సలహా: డీజిల్, పెట్రోల్ పడితే పీఐడీ, లూబ్రికెంట్లకి ద్రావకం కిట్, రెండింటిలో ఏది వాడినా కొన్ని శాంపిళ్లు ల్యాబ్‌కి కూడా పంపి రెండు అంకెలూ పోల్చుకోండి. సైట్ టెస్టు పని ఇంకా తవ్వాలా ఆపాలా, ఈ బకెట్ ఏ కుప్పలో పడాలి అని అక్కడికక్కడే తేల్చడం. అధికారులకి చూపించే కాగితం మాత్రం ల్యాబ్‌దే కావాలి.

ల్యాబ్‌ని ఏమి అడగాలి

"టీపీహెచ్" అని ఒక్క మాట రాసి పంపితే ఒకే ఒక్క అంకె వస్తుంది, దాంతో పెద్దగా ఉపయోగం ఉండదు. గ్యాస్ క్రొమటోగ్రఫీ పద్ధతిలో, కార్బన్ శ్రేణులు విడగొట్టి ఇమ్మనండి. సి10 నుంచి సి40 వరకు కొలవడానికి ఐఎస్‌ఓ 16703 అనే ప్రమాణం ఉంది, దానికి సరిపడే స్థానిక పద్ధతులూ ఉంటాయి. సి10 కంటే తేలికవి అందులో రావు, పెట్రోల్ అనుమానం ఉంటే బెంజీన్, టోలుయీన్ గుంపుకి విడిగా రాయాలి. క్రొమటోగ్రామ్ బొమ్మ కూడా తప్పక అడగండి. ఆ గ్రాఫ్ చూస్తే డీజిలా, లూబ్రికెంటా, కొత్తదా, ఏళ్ల నాటిదా అన్నది అనుభవం ఉన్నవాళ్లు చెప్పేస్తారు. ఆ పరీక్షకి ఐఎస్‌ఓ 17025 గుర్తింపు ఉన్న ల్యాబ్‌కే పంపండి. ల్యాబ్‌కి గుర్తింపు ఉండటం వేరు, ఆ ప్రత్యేక టెస్టుకి ఉండటం వేరు, ఇది అడిగి తెలుసుకోండి.

బొగ్గు గని అయితే ఇంకో చిక్కు. మట్టిలో ఉన్న బొగ్గు పొడి నుంచి కూడా హైడ్రోకార్బన్లు, పీఏహెచ్‌లు ద్రావకంలోకి వస్తాయి, ఒక్క చుక్క ఆయిల్ పడని చోట కూడా టీపీహెచ్ కనిపిస్తుంది. ఆకులు, పేడ, కంపోస్టు వల్ల వచ్చే తప్పుడు రీడింగుని సిలికా జెల్‌తో శుభ్రం చేసే దశ చాలావరకు తీసేస్తుంది, కానీ బొగ్గుది తీయలేదు. అందుకే అదే రకం మట్టి, ఆయిల్ పడని చోటు నుంచి తెచ్చిన బ్యాక్‌గ్రౌండ్ శాంపిళ్లు లేకుండా బొగ్గు గనిలో ఏ అంకెకీ అర్థం లేదు.

రిపోర్టు పొడి బరువు లెక్కనా, తడి బరువు లెక్కనా అన్నది చూసుకోండి. 20 శాతం తేమ ఉన్న మట్టిలో తడి లెక్కన 1,000 పీపీఎం అంటే పొడి లెక్కన 1,250. పరిమితి 1,200 అయితే పాసా ఫెయిలా అన్నది ఆ ఒక్క మాట మీద తేలిపోతుంది.

శాంపిల్ తీయడంలో కలిపిన శాంపిలా, విడి శాంపిలా అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. పెద్ద కుప్ప సగటు తెలుసుకోవాలంటే చాలా చోట్ల నుంచి చిటికెడు చిటికెడు తీసి కలపడం మంచిదే, లూబ్రికెంట్లకి అది నడుస్తుంది. తేలిక ఆయిల్ అయితే కలపకండి, కలిపేటప్పుడే సగం ఎగిరిపోతుంది. గుంట అడుగున, గోడల్లో అయితే విడి శాంపిళ్లే తీయాలి, ఎందుకంటే ఒక మూల ఆయిల్ మిగిలి ఉంటే సగటులో అది దాక్కుంటుంది. కుప్ప పైపైన తీయకండి, ఎండకీ గాలికీ పైపొర ఎప్పుడూ తేలికపడి ఉంటుంది. లోపలికి తవ్వి తీయండి. గాజు సీసా, టెఫ్లాన్ పొర ఉన్న మూత, ఐస్ పెట్టెలో 6 డిగ్రీల లోపు. డీజిల్ శ్రేణికి సాధారణంగా 14 రోజుల్లోపు ల్యాబ్‌లో ద్రావకంలోకి తీయాలి. గని ఊరికి దూరంగా ఉంటే ఈ గడువు వినడానికి ఉన్నంత ఎక్కువేం కాదు.

ఇక వదిలించుకునే దారులు

సైట్‌లో ఖాళీ స్థలం, టైము రెండూ ఉంటే డీజిల్ మట్టికి నేను ముందు చూసేది సూక్ష్మజీవుల దారినే. ఇందులో రెండు రకాలు. ల్యాండ్‌ఫార్మింగ్‌లో మట్టిని అడుగూ అడుగున్నర మందాన పరిచి తరచూ దున్నుతారు. బయోపైల్‌లో 1 నుంచి 3 మీటర్ల ఎత్తు కుప్ప పోసి లోపల చిల్లుల పైపులు పెట్టి గాలి ఆడిస్తారు. 500 ఘనపు మీటర్ల మట్టిని 40 సెంటీమీటర్ల మందాన పరిస్తే 1,250 చదరపు మీటర్లు కావాలి, అదే 2 మీటర్ల కుప్ప పోస్తే 250 చదరపు మీటర్లు, పక్కల వాలుకి ఇంకొంత. గనిలో చోటు పెద్ద సమస్య కాదు కాబట్టి చాలామంది ల్యాండ్‌ఫార్మింగ్ వైపే మొగ్గుతారు. కానీ వానలు ఎక్కువ పడే చోట పరిచిన మట్టిలోంచి జారే నీటిని పట్టుకోవడం పెద్ద టెన్షన్, అలాంటి చోట పైన కప్పేసే వీలున్న బయోపైల్ మేలు. రెండింటికీ కింద షీటు, చుట్టూ గట్టు, జారిన నీళ్లు చేరే గుంట ఉండి తీరాలి.

దీనికి కావాల్సిన టెస్టులు ల్యాండ్‌ఫిల్ టెస్టుల్లా ఉండవు. పీహెచ్ 6 నుంచి 8 మధ్య ఉందా, నత్రజని, భాస్వరం ఎంత, తేమ ఎంత, లోహాలు ఎంత. అమెరికా పర్యావరణ సంస్థ మార్గదర్శకం ప్రకారం టీపీహెచ్ 50,000 పీపీఎం దాటినా, మొత్తం భారలోహాలు 2,500 పీపీఎం దాటినా సూక్ష్మజీవులకి కష్టం. లోహాల గనిలో ఈ రెండో గీత మట్టి సహజ గుణం వల్లే దాటిపోవచ్చు, అప్పుడు ఈ దారి ఎంచుకునే ముందు చిన్న బకెట్లలో ట్రయల్ చేసి చూడాల్సిందే.

ఎరువు లెక్క కూడా చెబుతాను. కార్బన్, నత్రజని, భాస్వరం 100:10:1 పాళ్లలో ఉండాలన్నది తరచూ వాడే సూత్రం. 800 టన్నుల మట్టిలో 5,000 పీపీఎం ఆయిల్ ఉంటే ఆయిల్ 4 టన్నులు, అందులో కార్బన్ దాదాపు 3.4 టన్నులు, అంటే నత్రజని 340 కిలోలు, యూరియా రూపంలో 740 కిలోల దగ్గర. మట్టిలో ముందే ఉన్నది ఇందులోంచి తీసేయాలి. మిగిలింది ఒక్కసారే గుమ్మరిస్తే ఉప్పు, అమ్మోనియా పెరిగి ఆ జీవులే చచ్చిపోతాయి, కాబట్టి విడతలు విడతలుగా వేయాలి. డీజిల్ అయితే వెచ్చటి వాతావరణంలో నెలల్లో బాగా దిగుతుంది. గేర్ ఆయిల్, గ్రీజు అయితే మొదట కొంత దిగి తర్వాత మొండికేస్తుంది, ఏళ్లు పట్టవచ్చు.

ఈ దారి అసలు పట్టకూడని చోటు ఒకటుంది. మట్టిలో పైరైట్ లాంటి సల్ఫైడ్ ఖనిజాలు ఉంటే, దున్ని గాలి ఆడించడం అంటే ఆమ్లం తయారుచేసుకోవడమే. ఆయిల్ తగ్గేలోపు పీహెచ్ పడిపోతుంది, లోహాలు నీటిలోకి దిగుతాయి, చేతిలో ఒక సమస్య బదులు రెండు ఉంటాయి. మీ గని జియాలజిస్టు దగ్గర ఆమ్లం పుట్టే గుణం మీద డేటా ఉండే అవకాశం ఎక్కువ, కొత్తగా టెస్టు చేయించే ముందు అది అడగండి.

థర్మల్ డిసార్ప్షన్ అంటే మట్టిని వేడిచేసి ఆయిల్‌ని ఆవిరిగా లేపి, ఆ ఆవిరిని విడిగా కాల్చడం లేదా పట్టుకోవడం. డీజిల్‌కి 90 నుంచి 320 డిగ్రీల శ్రేణి చాలు, బరువైన వాటికి 320 నుంచి 560 దాకా పోవాలి. వారాల్లో పని అయిపోతుంది, అంకెలు బాగా కిందికి దిగుతాయి. తేమ ఎక్కువుంటే ఇంధనం అంతా నీళ్లు మరిగించడానికే పోతుంది, బంకమట్టి అయితే గడ్డలు కట్టి లోపల ఆయిల్ మిగిలిపోతుంది. లోహాల్లో పాదరసం లాంటివి తప్ప మిగతావి మట్టిలోనే ఉండిపోతాయి. సల్ఫైడ్ మట్టి అయితే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. మొబైల్ ప్లాంటు తెప్పించాలంటే మట్టి వేల టన్నుల్లో ఉండాలి, లేకపోతే దాన్ని తెచ్చి నిలబెట్టే ఖర్చే మింగేస్తుంది.

సిమెంట్ కొలిమి నాకు నచ్చిన దారుల్లో ఒకటి, దగ్గర్లో ఒప్పుకునే ప్లాంటు ఉంటేనే. క్లింకర్ (పొడి చేస్తే సిమెంట్ అయ్యే గడ్డలు) తయారయ్యేది 1,450 డిగ్రీల దగ్గర, ఆయిల్ పూర్తిగా కాలిపోతుంది, మట్టిలోని సిలికా, అల్యూమినా, ఇనుము సిమెంట్‌లో కలిసిపోతాయి, తర్వాత పూడ్చాల్సింది ఏమీ మిగలదు. అయితే మామూలు ముడిపదార్థంతో కలిపి పైనుంచి వేస్తే ఆయిల్ కాలకుండానే ఆవిరై పొగగొట్టంలోకి పోతుంది, అందుకే వేడి ఎక్కువున్న చోట నేరుగా వేసే ఏర్పాటు వాళ్లకి ఉందో లేదో ముందు అడగండి. వాళ్లు మిమ్మల్ని అడిగేవి క్లోరిన్, సల్ఫర్, పాదరసం, బూడిదలో ఏముంది, తేమ, రాళ్ల సైజు. వర్క్‌షాప్ వెనకాల నల్లటి మట్టికి, పీసీబీ లేదని తేలాక, ఇదే మొదటి ఎంపిక.

రక్షిత ల్యాండ్‌ఫిల్ అన్నిటికంటే వేగంగా, తలనొప్పి తక్కువగా కనిపిస్తుంది. లీచింగ్ టెస్టు, ఉదాహరణకి 1 వంతు మట్టికి 20 వంతుల పలచటి ఆమ్ల ద్రావణం పోసి సుమారు 18 గంటలు తిప్పే టీసీఎల్‌పీ లాంటిది, పాసవ్వాలి. మట్టిలోంచి ఆయిల్, నీళ్లు కారకూడదు. దానికి పెయింట్ ఫిల్టర్ టెస్టు ఉంది, 100 గ్రాములు ఫిల్టర్‌లో వేసి 5 నిమిషాల్లో చుక్క పడితే ఫెయిల్. కానీ ఆయిల్ ఎక్కడికీ పోలేదు, చోటు మాత్రమే మారింది. రేపు ఆ ల్యాండ్‌ఫిల్ లీకైతే మట్టి ఎవరిదని వెతుక్కుంటూ మీ దగ్గరికే రావచ్చు. లోహాలూ ఆయిల్ కలగలిసి ఇంకేదీ కుదరని కొద్దిపాటి మట్టికి ఇది సరైనది. మొత్తం కుప్పని కళ్లుమూసుకుని ఇటు తోలేయడాన్ని నేను ఒప్పుకోను.

మట్టి కడగడం ఇసుక, గులకరాళ్లకి బాగుంటుంది. ఒండ్రు, బంకమట్టి మూడో వంతు దాటితే కడిగిన నీళ్లూ బురదా కలిసి అసలు మట్టి కంటే పెద్ద సమస్య అవుతుంది. సిమెంట్ కలిపి గట్టిపరచడం లోహాలకి సరిపోతుంది, ఆయిల్ రేణువులకి పూత పట్టి సిమెంట్ సరిగా గట్టిపడనివ్వదు. ఓబీ (ఖనిజం పైనుంచి తవ్వి తీసిన మట్టి, రాళ్లు) డంపులో పడేయడం, హాల్ రోడ్డు మీద పరచడం, మంచి మట్టి కలిపి అంకె తగ్గించడం, వీటిని ఎంపికలుగా లెక్కలోకే తీసుకోకండి. శుద్ధి చేసి, టెస్టులో పాసై, అనుమతి ఉన్న మట్టిని డంపు మీద వాడుకోవడం వేరే సంగతి. ఖనిజం తీశాక మిగిలే బురదైన టెయిలింగ్స్‌లోకో, మిల్లులోకో తోస్తే ఖనిజాన్ని తేల్చి వేరుచేసే ఫ్లోటేషన్ నురగ దెబ్బతిని ప్లాంటు వాళ్లే ముందు గొడవకి వస్తారు.

కుప్పలు వేరుగా పెట్టడమే సగం పని

పై పోలికంతా పనిచేయాలంటే తవ్వేటప్పుడే మట్టిని విడగొట్టాలి. కనీసం మూడు కుప్పలు: డీజిల్ మట్టి, లూబ్రికెంట్ మట్టి, అనుమానం ఉన్న మట్టి (పీసీబీ, సాల్వెంటు, ఆన్‌ఫో చోట్లవి, అవి కూడా ఒకదానితో ఒకటి కలవకుండా). 300 టన్నుల డీజిల్ మట్టిలో ఒక లోడు పీసీబీ మట్టి కలిస్తే మొత్తం 300 టన్నులూ ఖరీదైన దారిలోనే పోవాల్సి వస్తుంది. ప్రతి కుప్పకీ బోర్డు పెట్టి ఎక్కడి నుంచి తవ్వారు, ఏ రోజు, ఏ ఆయిల్ అన్నది రాయండి. షీటు వేసి కప్పండి. చిందిన ఆయిల్ మీద రంపపు పొట్టు అవసరానికి మించి చల్లకండి, తోలాల్సిన బరువు పెరుగుతుంది, కొన్ని ప్లాంట్లు అది చూసి లోడే తిప్పి పంపుతాయి.

కాంట్రాక్టు మాట్లాడేటప్పుడు ఘనపు మీటర్ల లెక్కా, టన్నుల లెక్కా అన్నది తేల్చుకోండి. నేలలో 100 ఘనపు మీటర్లున్న మట్టి తవ్వాక వదులై 125 దాకా అవుతుంది, బరువు మాత్రం మారదు. టన్నుల లెక్కే మీకు మంచిది, వే బ్రిడ్జి స్లిప్పులు దాచుకోవచ్చు, ప్లాంటు ఇచ్చే రసీదుతో సరిపోల్చవచ్చు. వాన తర్వాత రోజే తోలితే నీళ్ల బరువుకి కూడా డబ్బు కడతారు, కాబట్టి కుప్ప ఆరనిచ్చి తోలండి.

కుప్ప వెళ్లిపోయినంత మాత్రాన గుంట పూడ్చేయకండి. అడుగు నుంచీ, నాలుగు గోడల నుంచీ తీసిన విడి శాంపిళ్ల ల్యాబ్ రిపోర్టు చేతికొచ్చే వరకు దాన్ని కంచె కట్టి తెరిచే ఉంచండి, వాన నీళ్లు నిండితే ఆ నీటిని కూడా టెస్టు చేయించకుండా పంపు పెట్టి బయటికి తోడకండి.